ఫరో మాట తప్పిన వేసవి

మే 4, ఆదివారం

ఈ ఏడు వి.బి.ఎస్., అంటే పిల్లల వేసవి బైబిలు తరగతుల నాటకం నాకు అప్పగించారు. ఆరాధన ముగిశాక పాస్టర్ జగదీశ్వర్ గారు మైకులోనే ప్రకటించారు: "వేసవి తరగతుల చివరి రోజు, పద్దెనిమిదో తారీఖున, పిల్లలు ఫరో కథ ఆడతారు. సుహాసిని చదువుకున్న అమ్మాయి, తనే నేర్పిస్తుంది." నారాయణగూడ మందిరమంతా చప్పట్లు. నా చెవులు వేడెక్కాయి.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మైకులనా? నీ పేరా?" అని రెండుసార్లు అడిగింది. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. డిగ్రీ పాసైనప్పుడు కూడా అమ్మ ఇంత సంబరపడలేదు.

హాస్టల్ గదికి వచ్చి నా రూమ్మేట్ సంయుక్తకు కథంతా చెప్పాను. దేవుడు మోషేను పంపడం, మోషే వెళ్లి 'నా జనాన్ని పోనియ్యి' అని, వాళ్లను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తు రాజు ఫరోను అడగడం, ఫరో ఒప్పుకోకపోవడం, దేవుడు పంపిన తెగుళ్లు: నీళ్లు రక్తం కావడం, కప్పలు, దోమలు, గడ్డలు, వడగళ్లు, మిడతలు, చీకటి, ఆఖరికి సముద్రం రెండుగా చీలి జనం దాటిపోవడం. చివరి తెగులు, ఇంటింటా పెద్దకొడుకు చావడం, మాత్రం పిల్లల నాటకంలో పెట్టకూడదనుకుంటున్నాను. సంయుక్త వాళ్లు దేవుడి గది ఉన్న ఇంటివాళ్లు, ఈ కథ ఎప్పుడూ వినలేదు. మంచం మీద లేచి కూర్చుంది.

"మీ దేవుడు కప్పల్ని గూడ పంపిస్తడా? మస్తుగున్నడు కద!"

అప్పటికప్పుడు పాత కరెంట్ అఫైర్స్ పుస్తకం అట్ట చింపి కప్ప మొహం కోసింది. కప్ప ఎంత బాగా వచ్చిందంటే ఆ పుస్తకం నాదని ఆలస్యంగా చూసుకున్నాను.

మే 5, సోమవారం

చిక్కడపల్లిలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే సుందరరావు గారి దుకాణానికి వెళ్లాం. గోడలనిండా కిరీటాలు, గదలు, జటలు, ఒక మూల తోకల కట్ట. ఫరోకు కిరీటం కావాలన్నాను.

"ఎవరమ్మా ఆయన?"

చెప్పాను. పెద్ద రాజు, దేవుడు ఎన్ని సూచనలు చూపినా మొండిగా మనసు మార్చుకోనివాడు.

"ఓస్! మన హిరణ్యకశిపుడేగా! ఆ మాట ముందే అనొచ్చు కదమ్మా" అని నిచ్చెన వేసుకుని పైనున్న కిరీటం దించారు. ముందుభాగంలో అద్దాలు రాలిపోయి ఉన్నాయి. సంయుక్త అక్కడే బల్ల ముందు కూర్చుని జిగురు పూసి కొత్త అద్దాలు అంటించింది. ఆయన కళ్లద్దాలు పైకెత్తి చూశారు.

"ఈ పని ఎక్కడ నేర్చావమ్మాయ్?"

"ఏడ నేర్వలే సార్. ఇప్పుడే."

"చెయ్యి వణకట్లేదే! మా సమాజంలో మేకప్ చేసేవాడి చెయ్యి వణుకుతోంది. వాడికి పెళ్లి కుదిరింది."

మందిరంలో పాస్టర్ గారు కిరీటం చూడగానే గుర్తుపట్టారు. "హిరణ్యకశిపుడిది కదా? పర్వాలేదు, ఇద్దరూ ఒకే బాపతు" అన్నారు. ఫరో వేషం అనురాగ్‌ది. వాడికి పదేళ్లు. కిరీటం ముక్కుదాకా జారింది. లోపల తువ్వాలు కుక్కాం.

మే 6, మంగళవారం

పొద్దున హాస్టల్ కుళాయిలో ఎర్రనీళ్లు వచ్చాయి. వీధిలో పైపు తవ్వారట. మూడో అంతస్తు అమ్మాయి బకెట్ చూసి కెవ్వుమంది. నేను నవ్వు ఆపుకోలేక సంయుక్తను లేపాను. కథ చెప్పీ చెప్పగానే మొదటి తెగులు! దేవుడికి కూడా సరదా ఉంటుందని ఇవాళ అనిపించింది.

మే 7, బుధవారం

సంయుక్త చదువు మానేస్తుందట.

సుందరరావు గారి నాటక సమాజం పంతొమ్మిదిన జిల్లాలకు బయలుదేరుతోంది. వానలు మొదలయ్యేదాకా ఊరూరా పౌరాణికాలు ఆడతారు. మేకప్ పనికి ఈమెను రమ్మన్నారట. ఆయన భార్య బాలత్రిపురసుందరి గారు కూడా వెంట ఉంటారట, లీలావతి వేషం ఆవిడదే, వంట కూడా ఆవిడదే. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"మూడేండ్లు చదివినం సంయుక్తా. గ్రూప్స్ నోటిఫికేషన్ ఇయ్యాలో రేపో పడుతది."

"నువ్వు చదివినవ్ సుహా. నేను నీ ఎదురుంగ కూసున్న."

"మీ బాపు ఒప్పుకుంటడా?"

"నేనడిగితె ఒప్పుకోడు. నువ్వు చెప్తే ఒప్పుకుంటడు. నువ్వే కద మాటిచ్చినవ్!"

అది నిజం. మొదటి పరీక్షలో ఇద్దరం తప్పినప్పుడు బాలకిషన్ బాపు కామారెడ్డి నుంచి వచ్చి కూతురి పెట్టె సర్దేశాడు. మెట్ల మీద అడ్డం నిలబడి, "నాది పూచీ బాపు. ఆఫీసర్ని చేసే పంపుత" అన్నది నేనే. ఆ పెద్దమనిషి నా మొహం చూసి పెట్టె కింద పెట్టాడు. అప్పటినుంచి ఫోన్ చేస్తే ముందు నాతోనే మాట్లాడతాడు.

"ఆ మాట నువ్వు ఎనుకకు తీసుకుంటెనే నేను ఈన్నించి కదుల్త" అంది.

కుదరదన్నాను. ఆమె మంచి కోసమే అన్నాను. ప్రార్థన చేసుకున్నాను, మనసుకు నెమ్మదిగానే ఉంది.

మే 8, గురువారం

మాట్లాడడం లేదు.

మే 9, శుక్రవారం

ఇవాళ కూడా. గోడవైపు తిరిగి కప్పలకు రంగులు వేస్తోంది.

ఆమె ప్రశ్నలడిగితే నేను జవాబు చెప్పడం, మా చదువు ఇదే. ఏది చదివినా ఎవరికైనా అప్పజెప్తేనే నాకు గుర్తుంటుంది. చిన్నప్పుడు ఇంట్లో వినేవాళ్లు లేక మేకలకు అప్పజెప్పేదాన్ని. ఇవాళ లైబ్రరీలో రాజ్యాంగం తెరిచి కూర్చున్నాను. ఒక్క అధికరణం బుర్రకెక్కలేదు.

సాయంత్రం ఓడిపోయాను. "సరే తల్లీ, ఆదివారం బాపుకు ఫోన్ జేస్త" అన్నాను. అంతే, నన్ను ఎత్తి గిర్రున తిప్పింది. కిందికి పరుగెత్తి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చింది. రాత్రి భోజనం దాకా ప్రశ్నలడిగింది. అన్నీ చెప్పాను, ఒక్కటీ తప్పలేదు.

మే 11, ఆదివారం

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. పొద్దున ఆరాధన. మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకుంటాడు. సాయంత్రం ఆయన పైపుల దుకాణంలో గిరాకీ. ఇలాంటి మాట హడావుడిలో చెప్పేది కాదు. పైగా నిన్నటినుంచి సంయుక్త ఎంత బాగా చదివిస్తోందో! ఇంత తెలివైన పిల్ల గడ్డాలూ తోకలూ అంటిస్తూ తిరగడమా? దేవుడిచ్చిన తెలివిని పారేయడం పాపం కాదా?

తరగతిలో మంచి సంగతి జరిగింది. మోషే వేషం వేస్తున్న కీర్తన చెయ్యెత్తింది. గడ్డం తీయదు ఆ పిల్ల, అన్నం కూడా గడ్డంతోనే తింటుంది.

"అక్కా, ఫరో ప్రతిసారి పంపిస్త అంటడు, మల్ల పంపియ్యడు. అబద్ధాలోడా?"

"అబద్ధాలోడు కాదు. కష్టమొచ్చినప్పుడు నిజంగనే అంటడు. కష్టం పోంగనే మనసు మల్ల గట్టిగైతది. అన్న మాట యాదికుండది."

"మరి ఆయనకు తెల్వదా?"

"గదే కద కథ! అందరికి తెలుస్తది, ఆయనకొక్కనికే తెల్వది."

వెనక బెంచీలో వింటున్న పాస్టర్ గారు తర్వాత పిలిచి మరీ మెచ్చుకున్నారు. ఎక్కడా చదవకుండా నాకే తట్టిన జవాబు అది! రోజంతా గాలిలో తేలుతున్నట్టుంది.

సంయుక్తకు వచ్చే వారం చేస్తానని చెప్పాను.

మే 12, సోమవారం

వీపు మీద, మెడ మీద సెగగడ్డలు లేచాయి. అన్నీ మామిడిపళ్ల వేడేనంది హాస్టల్ మనోరమ ఆంటీ. పడుకోలేను, ఆనుకోలేను.

మే 13, మంగళవారం

సంయుక్త మోండా మార్కెట్ దాకా పోయి వేపాకు, పసుపు తెచ్చి నూరింది. నేను బోర్లా పడుకుంటే గడ్డ గడ్డకూ పట్టు వేసింది. నిజంగా ఆ చెయ్యి వణకదు. నొప్పికి దిండు కొరుకుతూ, "ఇవి తగ్గనియ్యే, నేనే ఫోన్ జేస్త, ఒట్టు" అన్నాను.

"మీ బైబిల్ల ఒట్లు వెయ్యొద్దంటరు కద?"

"గడ్డలు లేచినోళ్లు ఎయ్యొచ్చు."

ఇద్దరం నవ్వాం. నవ్వితే ఇంకా నొప్పి.

మే 14, బుధవారం

గడ్డలు పగిలాయి. దేవునికి స్తోత్రం. హాయిగా వెల్లకిలా పడుకుని రాస్తున్నాను.

ఫోన్ సంగతి నిదానంగా ఆలోచించాలి. నొప్పిలో అన్న మాట మాట కాదు. సంయుక్తకు అదే చెప్పాను. మిడతల రెక్కలకు గమ్ రాస్తోంది.

మే 15, గురువారం

ఇవాళ్టి ఆనందం ఎలా రాయాలో తెలియడం లేదు!

సాయంత్రం రిహార్సల్ మధ్యలో ఆకాశం నల్లబడి వడగళ్ల వాన పడింది. రేకుల మీద డప్పులు కొట్టినట్టు చప్పుడు. పిల్లలు కప్ప మొహాలు, మిడత రెక్కలతోనే బయటికి ఉరికారు. అందరూ చున్నీలు పట్టి వడగళ్లు ఏరారు. కీర్తన గడ్డం తడిసి జారి మెడలో వేలాడింది. వడగళ్ల గుంపుకు నాయకుడు సృజన్, ఏడేళ్లవాడు, చేతులు చాపి అరిచాడు: "అక్కా, దేవుడు గూడ రిహార్సల్ జేస్తుండు!" పాస్టర్ గారు ఒక వడగల్లు నోట్లో వేసుకుని పళ్లు జిల్లుమని గెంతారు.

తడిసి ముద్దయి, మెట్ల మీద నా పక్కన నిలబడి సంయుక్త అంది:

"ఎర్రనీళ్లొచ్చినయ్. గడ్డలొచ్చినయ్. రాళ్ల వానొచ్చింది. ఇంకేం రావాలె సుహా నీకు?"

ఎందుకలా అందో! ఎండాకాలంలో ఇవన్నీ మామూలే కదా.

మే 16, శుక్రవారం

అనురాగ్‌కు గవదబిళ్లలు. మొహం పూరీలా పొంగింది. వాళ్లమ్మ ఫోన్‌లో ఏడుపు, వెనకనుంచి వాడి ఏడుపు. ఎల్లుండే నాటకం.

మే 17, శనివారం

ఫరో మాటలన్నీ వచ్చిన పిల్లలు ఇంకెవరూ లేరు. రాసిందాన్ని కాబట్టి నాకే వచ్చు. ఫరో నేనే.

కిరీటంలో తువ్వాలు తీసేశాం. సరిగ్గా పట్టింది.

మే 18, ఆదివారం

ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

సాయంత్రం మందిరం నిండిపోయింది. అరుగులమీద కూడా జనం. పక్క సందులోని మిర్చి బండి వాళ్లు గిరాకీ ఆపి వచ్చారు. సుందరరావు గారు మొదటి వరసలో కూర్చున్నారు, తన కిరీటాన్ని కాపలా కాస్తున్నట్టు.

వెనక గదిలో సంయుక్త నాకు మేకప్ వేసింది. మీసం పెట్టింది, కళ్లకు కాటుక దిద్దింది. నేను కనుబొమలు ముడేసి కోపం తెచ్చుకోబోయాను.

"కోపం వద్దు. నువ్వు చెప్పిన కథల ఫరో కోపిష్టోడు గాదు. ఆయనది కరెక్ట్ అనుకుంటడు, అంతే. నీ మొహం నువ్వు ఎట్లున్నవో అట్లనే పెట్టు, సరిపోతది."

అద్దంలో చూసుకున్నాను. రాజు నన్నే చూస్తున్నాడు. చాలా మంచివాడిలా, అందరి మంచీ తనకే తెలిసినట్టు ఉన్నాడు. ఏదోలా అనిపించింది. అంతలో గంట కొట్టారు.

మొదటి తెగులు: ఎర్ర చీరలు పట్టుకుని పిల్లలు పారారు. "పోనియ్య!" అన్నాను. రెండోది: కప్పలు. వేదికంతా గెంతాయి, ఒకటి నా ఒళ్లో కూర్చుంది. "ఈ కప్పల్ని తీసెయ్యి మోషే! రేపు తప్పకుంట పంపిస్త!" అన్నాను. మోషే చేతికర్ర ఎత్తింది, కప్పలు పోయాయి. అప్పుడు నేను కాళ్లు చాపుకుని, మీసం దువ్వుకుని, నా తరువాతి మాట అనాలి:

"మాటా? నేనేం మాటిచ్చిన?"

జనం పడీపడీ నవ్వారు. నవ్వు రావాలనే రాశానా మాట. నవ్వు ఆగడం లేదు. నేను పక్కకు చూశాను. తెర అంచున సంయుక్త నిలబడి ఉంది, ఒక చేతిలో మిడత రెక్కలు, ఇంకో చేతిలో గమ్ డబ్బా. ఆమె నవ్వడం లేదు. కోపంగానూ లేదు. రేపు వెళ్లాల్సిన మనిషి, ఇవాళ నా నాటకం పని చేసుకుంటోంది.

ఆదివారం చేస్తానన్నాను. గడ్డలు తగ్గితే చేస్తానన్నాను. కీర్తనకు జవాబు చెప్పి రోజంతా మురిసిపోయాను.

"నా జనాన్ని పోనియ్యి!" అంది మోషే గట్టిగా.

నేను లేచి నిలబడ్డాను. 'పోనియ్య' అనాలి.

"పో" అన్నాను. "పో తల్లీ. నేను ఆపను."

కీర్తన నోరు తెరిచింది. మోషే జనంగా గుడారాలు మోసే పిల్లలు ఇద్దరు, నిజమే అనుకుని నడవడం మొదలుపెట్టారు. అప్పుడు తెర వెనకనుంచి సృజన్, థర్మకోల్ బుట్ట నెత్తిన పెట్టుకుని, ఏడుపు గొంతుతో వేదిక మధ్యకొచ్చేశాడు:

"అక్కా! మా వడగళ్లు ఇంకా పడనే లే!"

"మేం గూడ రాలే!" అని మిడతలన్నీ అందుకున్నాయి. చీకటి వేషం వేసిన పిల్ల నల్లదుప్పట్లోంచి తల బయటపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

పాస్టర్ గారు లేచి నిలబడ్డారు. సంయుక్త తెర చాటునుంచి మందిరమంతా వినపడేలా అరిచింది:

"ఓ ఫరో! మాట మార్చుకోవయ్యా! పిలగాండ్లు ఏడుస్తుండ్రు. మార్చుకునుడు నీకు కొత్తనా?"

నవ్వు ముందు నాకే వచ్చింది. కిరీటం సర్దుకున్నాను.

"మార్చుకున్న! పోనియ్య! ఒక్కర్ని గూడ పోనియ్య!"

ఈలలు! వడగళ్లు పడ్డాయి, మిడతలు నా మీసం పట్టి లాగాయి, చీకటి మందిరాన్ని మొత్తం కప్పింది. ప్రతి తెగులుకూ "పోనియ్య" అని అరిచాను. ఆ మాట అనడం ఇంత తేలికగా ఎప్పుడూ లేదు. చివర్లో "పొండి!" అన్నప్పుడు సుందరరావు గారు లేచి చప్పట్లు కొట్టారు. "హిరణ్యకశిపుడు మారడం మొట్టమొదటిసారి చూశానమ్మా" అన్నారు తర్వాత.

వేషం తీయలేదు. తీస్తే మళ్లీ రేపంటానేమోనని భయం. సంయుక్త చెయ్యి పట్టి మెట్ల మీదికి లాక్కుపోయి ఆమె ఫోన్‌లోనే బాలకిషన్ బాపుకు వీడియో కాల్ చేశాను.

"ఎవలయ్య నువ్వు?" అన్నాడాయన హడలిపోయి. "నా బిడ్డ ఫోన్ నీ తాన ఎందుకున్నది?"

"నేను బాపు, సుహాసినిని."

"మీసాలేంది బిడ్డా?"

అంతా చెప్పాను. మెట్ల మీద అడ్డం నిలబడ్డప్పటి మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను. ఆమె ఇక్కడుంటే నాకే లాభమని, నేను ఒంటరిగా చదవలేక ఆపానని, ఆ సంగతి ఇందాకే తెలిసిందని చెప్పాను. సుందరరావు గారి పేరు, బాలత్రిపురసుందరి గారి ఫోన్ నంబరు చెప్పాను. సంయుక్త నా కిరీటం వెనక దాక్కుంది.

"నువ్వు పూచీ అన్నవ్ బిడ్డా."

"అన్న బాపు. తప్పయింది."

వెనక ఎవరో పైపుల ధర అడుగుతున్నారు. "జర ఆగు భాయ్" అని కసిరాడు.

"ఆ మొకం మీది రంగు మా పోరి ఏసిందేనా?"

"అవును బాపు."

"ఫోన్ దగ్గర పెట్టు." పెట్టాను. "ఇటు మర్రు." తిరిగాను. "ఆ పక్కకు." తిరిగాను.

"కాటుక మంచిగ కుదిరింది" అన్నాడు. "దాన్ని ఏలకు తినుమను. రోజు సాయంత్రం నాకు ఫోన్ జెయ్యాలె. నీకు గాదు, నాకు."

సంయుక్త ఏడుస్తూ నన్ను వాటేసుకుంది. నా మీసం ఆమె భుజానికి అంటుకుపోయింది.

మే 19, సోమవారం

పొద్దున సమాజం వ్యాను చిక్కడపల్లిలో బయలుదేరింది. పైన గదలు, సింహాసనం, తాడేసి కట్టిన స్తంభం. వెనక తలుపు దగ్గర కిరీటాల పెట్టె మీద సంయుక్త.

చేతులూపాం, ఏడ్చాం, బాగా వీడుకోలు చెప్పుకున్నాం. వ్యాను పది గజాలు పోయి ట్రాఫిక్‌లో ఆగింది. నడిచి వెళ్లి మళ్లీ చేతులూపాను. కదిలింది, ఆగింది. మళ్లీ కలుసుకున్నాం.

"ఎన్నిసార్లు ఏడ్వాలె సుహా? కాటుక కరుగుతుంది" అంది.

"మేకప్ దానివి కద, మల్ల పెట్టుకో."

అలా మాట్లాడుకుంటూ నారాయణగూడ చౌరస్తా దాకా వచ్చాం, ఆమె బండిలో, నేను ఫుట్‌పాత్ మీద. బాలత్రిపురసుందరి గారు కిటికీలోంచి నాకొక అరటిపండు ఇచ్చారు.

చౌరస్తాలో కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. కుడివైపు బస్సులు, ఆటోలు ఆగిపోయాయి. ఎడమవైపు బైకులన్నీ ఆగిపోయాయి. మధ్యలో నల్లగా, ఖాళీగా రోడ్డు తెరుచుకుంది. గదలు, సింహాసనం, సంయుక్త, అందరూ దాని మీదుగా దాటిపోయారు. ఆమె రెండు చేతులూ ఊపుతోంది.

పరుగెత్తితే అటువైపు మళ్లీ అందుకునేదాన్నే. కాలు కిందికి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను.

కానిస్టేబుల్ చెయ్యి దించాడు. రెండు వైపులనుంచీ బండ్లు వచ్చి కలిసిపోయాయి. నేను ఒడ్డునే నిలబడి అరటిపండు తినేసి, అశోక్‌నగర్‌లో మా హాస్టల్ వైపు తిరిగి నడిచాను. దారిపొడవునా అధికరణాలు పైకే అప్పజెప్పుకున్నాను. ఒకాయన స్కూటర్ ఆపి మరీ చూశాడు.